వాటా లేనివాడి సంతకం

మా ఇంట్లో ఆస్తి పంచుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. పెద్దవాడు వాటాలు వేస్తాడు, చిన్నవాడు ముందుగా ఎత్తుకుంటాడు. తనకు ఏది మిగులుతుందో పెద్దవాడికి తెలియదు కాబట్టి రెండూ సమానంగా వేయక తప్పదు. చిన్నవాడు తన చేత్తోనే ఎత్తుకుంటాడు కాబట్టి రేపు నోరెత్తడానికి ఉండదు. చేవెళ్ల బజారులో మా వాళ్లందరూ ఈ పద్ధతిని తెగ మెచ్చుకునేవాళ్లు. ఇంతకు మించిన న్యాయం నిజాం సర్కారు దగ్గర కూడా దొరకదనేవాళ్లు. ఇంట్లో చిన్నవాణ్ణి కనుక అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది నేనే. అందులో ఒక బొక్క ఉందని తెలుసుకోవడానికి నాకు ఒక దుకాణం ఖర్చయింది.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. మా బడిలో చదువంతా ఉర్దూలో. పాఠం మొదలుపెట్టే ముందు మౌల్వీ సాబ్‌కు ఒక పొడుగాటి దగ్గు దగ్గే అలవాటు ఉండేది. ఆయన దగ్గిన వెంటనే వెనక వరసలో నుంచి అచ్చం అదే దగ్గు నేను దగ్గేవాణ్ణి. ఒకరోజు తొందరపడి ఆయన కంటే ముందే దగ్గాను. ఆ దగ్గుతో నా చదువు ముగిసింది. అన్న మాత్రం ఇంకొన్నాళ్లు వెళ్లాడు. వాడికి దగ్గడం కూడా సరిగ్గా రాదు.

బీజాపూర్ రోడ్డు మీద మాది కిరాణా దుకాణం. ఉప్పు, బెల్లం, మిరపకాయలు, పొగాకు. దుకాణం వెనకే ఇల్లు. షాబాద్ దారిలో ఒక చేను. మొయినాబాద్‌లో ఇంకొక దుకాణం, దాని వెనక పెద్ద ఖాళీ జాగా. ఆ దుకాణం అప్పట్లో బెల్లం దాచుకోవడానికి తప్ప దేనికీ పనికొచ్చేది కాదు. ఇంట్లో బాపు, అంటే నాన్న; అవ్వ, అంటే అమ్మ; అన్న, నేను, మా ఇద్దరి భార్యలు. అందరికంటే పెద్దది అక్క, షాబాద్‌లో అత్తగారింట్లో ఉండేది.

అన్న మంచివాడు. మంచివాడంటే, కొనడానికి వచ్చిన గిరాకీ గట్టిగా మాట్లాడితే దూలాల వైపు చూసే రకం. తూకం వాడు వేసేవాడు, మాటలు నేను మాట్లాడేవాణ్ణి. "బెల్లం నల్లగున్నదేందయ్య?" అని ఎవరైనా అడిగితే అన్న దూలాలు చూసేవాడు. "నువ్వు దాన్ని తింటవా, పెండ్లి చేసుకుంటవా?" అని నేను అడిగేవాణ్ణి. గిరాకీ నవ్వి కొనుక్కుపోయేది. ఆ నవ్వులన్నీ బాపు ఒక మూల కూర్చుని వింటూనే ఉన్నాడని, వాటికి కూడా ఆయన మనసులో ఒక విలువ కడుతున్నాడని నాకు అప్పట్లో తెలియదు.

మా పక్క దుకాణం యజమాని ఏ ఏర్పాటూ చేయకుండా పోయాడు. ఆయన కొడుకులు ఇద్దరూ కొట్లాడి కొట్లాడి చివరికి దుకాణం మధ్యలో మట్టి గోడ కట్టారు. తలుపు ఒకడికి పోయింది, గల్లా ఇంకొకడికి పోయింది. గల్లా వచ్చినవాడు కిటికీలో నుంచి లోపలికి దూకేవాడు. బజారంతా నవ్వింది. బాపు మాత్రం నవ్వలేదు. మా ఇంట్లో కోడళ్లిద్దరికీ ఒకనాడు ఊరగాయ జాడీ దగ్గర మాట పట్టింపు వచ్చేసరికి ఆయన చెప్పేశాడు:

"నేనుండంగనే పంచుత. నేను పోయినంక మీరు గోడ కడితే దుంకనీకి నాకు కిటికీ గూడ ఉండదు."

చేను మాత్రం తన కిందే ఉంచుకుంటానన్నాడు. తిండికి ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా ఉండాలంటే అదొక్కటి ఉండాలన్నాడు. మంచి మాటే. మిగిలినవి రెండు వాటాలు: ఇల్లుతో కలిపి చేవెళ్ల దుకాణం ఒకటి, ఖాళీ జాగాతో కలిపి మొయినాబాద్ దుకాణం ఒకటి. ఎవరు ఎటుపోయినా అవ్వ, బాపు చేవెళ్ల ఇంట్లోనే ఉంటారు.

పంపకాల ముందురోజు బెల్లం బుట్టలు తేవడానికి బాపూ నేనూ మొయినాబాద్‌కు బండిలో వెళ్లాం. తిరిగి వస్తుంటే ఆయన అడిగాడు.

"రేపు ఏదెత్తుకుంటవ్‌ర?"

"అన్న ఏది వద్దంటే అది."

"పరాష్కాలు పక్కకు పెట్టు. మొయినాబాద్ ఎత్తుకో. పట్నం పొయ్యే బండ్లన్ని ఆడనే ఆగుతయి. మీ అన్న ఆ బండ్లోళ్లతోని ఏగలేడు. నీకు నోరున్నది. రెండేండ్లల్ల చేవెళ్ల దుకాణం నీ ముంగట దిగదుడుపయితది."

"గంత మంచిదైతే అన్నకు చెప్పరాదు?"

"వానికి చెప్పలేదు. నీకే చెప్తున్న."

ఆ చివరి మాటకు నా ఛాతీ ఎంత పొంగిందో బండి ఎద్దులకే తెలియాలి. ఇంటికి వచ్చి అన్నానికి కూర్చున్నాను. అవ్వ చారు పోస్తూ అంది:

"గింత తొందరేమున్నదిర? మీ అక్కను గూడ పిలువుండ్రి. వాగవతల ప్రొద్దుటూరుకెల్లి మీ మామను పిలువుండ్రి."

"అక్కకు బావ వచ్చిండు గద అవ్వా. ఆ వాటా మోయనీకే ఆమెకు వశం కాదు," అన్నాను.

నా మాటలకు అవ్వ నవ్వకపోవడం ఎప్పుడోగానీ జరగదు. ఆనాడు నవ్వలేదు. బాపు వైపు చూసింది. "వాగొచ్చింది. ఆయిన రాలేడు. అన్నం పెట్టు," అన్నాడు బాపు. అవ్వ అన్నం పెట్టింది. ఆ యేడు వానలే సరిగా పడలేదని నాకు చాలా కాలం తర్వాత గుర్తొచ్చింది.

మర్నాడు కులపెద్దల ముందు దీపం పెట్టి, తూర్పున ఒక కొబ్బరికాయ, పడమట ఒక కొబ్బరికాయ పెట్టారు. తూర్పుది మొయినాబాద్, పడమటిది చేవెళ్ల. వాటాలు వేసినవాడు అన్న. ముందు ఎత్తుకోవలసినవాణ్ణి నేను. ఊరికే ఎత్తుకుంటే ఏం బాగుంటుందని, రెండు కాయలూ చెవి దగ్గర ఊపి నీళ్ల చప్పుడు విన్నాను. పెద్దలు నవ్వారు. అన్న కూడా నవ్వాడు. తూర్పు కాయ ఎత్తుకున్నాను. బాపు కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు.

మొయినాబాద్‌లో మొదటిరోజు నా భార్య చీపురు పట్టుకుని దుకాణమంతా తిరిగి, "ఎలుకలు మనకన్న ముందటి ఆసాములు లెక్కున్నయి. వీటితోని గూడ వాటాలు పెట్టుకోవాల్నా?" అంది. నాతో ఉండి ఉండి ఆమెకూ కొంత అంటుకుంది. ఇద్దరం కలిసి ఆ జాగాను మనుషులు ఉండే చోటుగా మార్చాం. పాత కప్పు తీసి పెంకులు వేయించాను. వెనక జాగాలో బావి తవ్వించాను. రాయి పడింది, మందుగుండు పెట్టి పేల్పించాను, నీళ్లు పడ్డాయి. తియ్యటి నీళ్లు. పట్నం వెళ్లే బండ్లవాళ్లు ఆ నీళ్ల కోసం ఆగేవాళ్లు. ఆగినవాళ్లు పొగాకు కొనేవాళ్లు. పొగాకు కొన్నవాళ్లు నా మాటల కోసం ఇంకాసేపు కూర్చుని బెల్లం కూడా కొనేవాళ్లు. బాపు చెప్పింది నిజమేనని, ఆయన నన్ను కనిపెట్టి నాకు తగిన చోట నిలబెట్టాడని అందరితో చెప్పుకునేవాణ్ణి. యుద్ధం రోజుల్లో దీపాలకు గాసునూనె దొరక్క జనం సీసాలు పట్టుకుని గుమ్మం ముందు నిలబడేవాళ్లు. "నూనె లేదు, వెన్నెలున్నది, ఎంత గావాల్నో పట్టుకపో," అనేవాణ్ణి. తిట్టుకుంటూనే నవ్వేవాళ్లు.

అవ్వ అప్పుడప్పుడు వచ్చి నాలుగు రోజులు ఉండిపోయేది. బావి గట్టు మీద కూర్చుని, "మా బాపు ఈ జాగ తీసుకున్నప్పుడు ఇదంత తుమ్మలే," అనేది. ఆ జాగా మా తాత, అంటే అవ్వ తండ్రి ఇచ్చిందని నాకూ తెలుసు. అత్తగారింటి నుంచి అల్లుడికి వచ్చింది, అల్లుడి నుంచి నాకు వచ్చింది, అంతేకదా అనుకున్నాను. ఒకసారి ఆమె, "నీకొక మాట చెప్పాలె బిడ్డ," అని మొదలుపెట్టింది. దుకాణంలో ఎవరో పిలిచారు. నేను లేచి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆమె మిరపకాయల తొడిమలు తీస్తూ ఉంది. ఏం మాటని అడిగితే, "ఏంలేదు, పైలంగ ఉండు," అంది.

అవ్వ చేవెళ్లలోనే పోయింది. దినాలు అయిపోయాక అందరం ఇంటి ముందర గదిలో కూర్చున్నాం. ప్రొద్దుటూరు నుంచి అవ్వ తమ్ముడు, మా మామ వచ్చాడు. సేద్యం చేసి చేసి నల్లబడ్డ మనిషి, మాట పొదుపు. షాబాద్ నుంచి అక్క, బావ వచ్చారు. మామ గొంతు సవరించుకుని బాపును చూసి అన్నాడు:

"బావా, అక్క పోయింది. ఇగ మొయినాబాద్ జాగ పిల్ల చేతుల పెట్టాలె."

ఏ పిల్ల చేతులో నాకు అర్థం కాలేదు. "మామా, అవ్వ పోయిన దుఃఖంల జాగలు గూడ కలిసిపోయినట్టున్నయి. మొయినాబాద్ నాది," అన్నాను.

"నీదెట్లయితదిర? మా బాపు ఆ జాగ మా అక్కకు పసుపుకుంకుమ కింద ఇచ్చిండు. లగ్నం నాడు పందిట్ల అందరి ముంగట చెప్పి ఇచ్చిండు. తల్లి పసుపుకుంకుమ బిడ్డకు పోతది. కొడుకులకు పోదు. ఇది మీ బాపుకు ఎరుకే."

అవ్వ బతికి ఉన్నంతకాలం అది అవ్వది. ఆమె తర్వాత అక్కది. మధ్యలో దాన్ని కొబ్బరికాయ కింద పెట్టి పంచే హక్కు మా బాపుకు ఎప్పుడూ లేదు. అందుకే పంపకాలనాడు మామ రాలేదు. వాగు అందుకే వచ్చింది. ఎవరో కోర్టుకు వెళ్లి తేల్చవలసిన సంగతి కూడా కాదిది. మా మేనమామ ఊళ్లో ముసలివాళ్లందరికీ తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. తెలియనివాడికే ముందు ఎత్తుకునే హక్కు ఇచ్చారు.

బాపు వైపు చూశాను. ఆయన పంచె అంచు మడత పెడుతూ ఉన్నాడు. అన్న వైపు చూశాను. వాడు అలవాటుగా దూలాల వైపు చూస్తున్నాడు. ఈసారి వాడి తరఫున మాట్లాడేవాడు లేకపోయేసరికి వాడే మాట్లాడవలసి వచ్చింది.

"నువ్వే ఎత్తుకుంటివి గద తమ్మి. రెండు కాయలు ఊపి ఊపి ఎత్తుకుంటివి."

వాడు ఎవరినీ ఆటపట్టించడం నా జన్మలో నేను విన్నది అదొక్కసారే. అది కూడా నన్నే.

అక్క ఏడుస్తూ ఉంది. "నాకొద్దు మామా, తమ్ముడు ఇల్లు కట్టుకున్నడు, బాయి తవ్వుకున్నడు," అంది. బావ నెమ్మదిగా దగ్గాడు. దగ్గుల గురించి నాకు బాగా తెలుసు కదా, అది జలుబు దగ్గు కాదు. అక్క మాట ఆపేసింది. ఆమెను నేను ఏమీ అనలేదు. అనడానికి ఏముంది? హక్కు ఆమెది. పుట్టింటి నుంచి ఆమెకు వచ్చేది అదొక్కటే, దాన్నీ మేము అడగకుండా పంచుకున్నాం. నన్ను మోసం చేసిన చోట నిలబడి పోట్లాడదామంటే అక్కడ నిలబడి ఉన్నది అక్క.

అందరూ లేచాక బాపును పెరట్లో పట్టుకున్నాను.

"ఎరుకుండె గద నీకు?"

"ఉండె."

"ఎరుకుండి నాకు ఎత్తుకోమని చెప్తివి. అన్నకు చెప్పలేదు, నీకే చెప్తున్న అంటివి."

"వానికి అసలు ముచ్చట వేరేగ చెప్పిన," అన్నాడు బాపు. చెప్పి, నేను అడగకముందే మిగతాది కూడా చెప్పాడు. అది ఆయనకు సిగ్గుపడే సంగతిలా లేదు. లెక్క కుదిరిన తృప్తి ఉంది ఆ ముఖంలో. "చూడు బిడ్డ. పంచనీకి గట్టిది ఒక్కటే ఉండె. రెండు ముక్కలు చేస్తే పక్కోని దుకాణం లెక్క అయితుండె. మీ అన్నకు నోరు లేదు. వాని కింద ఆ దుకాణం లేకుంటే వాడు అడుక్కతింటడు. నిన్ను ఏ ఊర్ల ఇడిసిపెట్టినా నాలుగు మాటలు చెప్పి బతుకుతవ్. నీ నోరే నీ వాటా అనుకున్న. మీ అవ్వ ఉన్నన్ని రోజులు ఎట్లన్న నడుస్తది, గప్పటికి నువ్వు కుదురుకుంటవ్ అనుకున్న."

"అవ్వ గూడ గట్లనే అనుకున్నదా?"

"ఆమెను ఎవలడిగిండ్రు?"

చిన్నప్పటి నుంచి నేను నవ్వించిన ప్రతిసారీ ఆ మనిషి మూల కూర్చుని నా వాటాలో నుంచి కొంచెం కొంచెం తీసేస్తూ వచ్చాడు. నేను ఇంకాస్త మొద్దుగా పుట్టి ఉంటే నాకూ ఒక గట్టి గోడ దక్కేది.

మేము మొయినాబాద్ వదిలిపోలేదు. అక్కే ఉండమంది. బావ మాత్రం కిరాయి మాట తెచ్చాడు. అది కూడా న్యాయమే. అందరూ న్యాయంగానే ఉన్నారు. నేను వేయించిన పెంకుల కింద, నేను తవ్వించిన బావి నీళ్లు తాగుతూ, నేను కిరాయిదారునయ్యాను. "ఇగ ఎలుకలు మనం సమానం. ఎవలకూ ఏం లేదు," అంది నా భార్య. నేను నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదని చూసి ఆపేశాను.

కొన్నాళ్లకు చేవెళ్ల నుంచి కబురు వచ్చింది, బాపు రమ్మంటున్నాడని. నేను వెళ్లేసరికి, కాలు వాచి ఉన్నా బాపు తహసీల్ కచేరీ దాకా నడిచే వచ్చాడు. వసారాలో అర్జీలు రాసే మున్షీ చాప పరిచి కూర్చున్నాడు. అన్న కొంచెం దూరంగా చెట్టు నీడలో నిలబడ్డాడు. బాపు తన చేను ఎవరికి చెందాలో వసియత్‌నామా రాయిస్తున్నాడు. వీలునామా అనండి. ఈసారి కొబ్బరికాయలు లేవు, కాగితమే.

మున్షీ ఓపిక ఉన్న మనిషి. రాసే ముందు ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. "చూడు సావుకారి, నీది ఏదో అదే రాయాలె. ఇంకొకలది రాస్తే ఈ కాగితం కట్టెలపొయ్యికి తప్ప దేనికి పనికిరాదు."

"మున్షీ సాబ్, ఆ ముచ్చట జర గట్టిగ చెప్పుండ్రి. మా బాపుకు ఆ చెవి సరిగ వినవడదు," అన్నాను.

బాపు విననట్టే ఉన్నాడు. మున్షీ చెబుతూ పోయాడు. కొడుకులతో పంపకాలు అయిపోయాక తన కింద మిగుల్చుకున్నది తన ఇష్టం, ఎవరికైనా రాయొచ్చు. రాయకుండా పోతే మాత్రం కొడుకులిద్దరికీ చెరి సగం వస్తుంది. రాసేటప్పుడు పూర్తి సోయిలో, అంటే తెలివిలో ఉండాలి, ఎవరి ఒత్తిడీ ఉండొద్దు. బతికున్నన్నాళ్లూ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. సాక్షులు తమ కళ్లతో చూసి సంతకం పెట్టాలి. ఆ సాక్షులకు అందులో ఏ వాటా ఉండకుండా చూసుకోవడం మంచిది. వాటా ఉన్నవాడు సాక్ష్యం చెబితే తన లాభం కోసం చెప్పాడంటారు.

"చేను ఎవలకు?" అన్నాడు కలం ముంచుతూ.

"పెద్దోనికి. నన్ను చూసుకునేది వాడే."

"సాక్షి?"

బాపు నా వైపు చెయ్యి చూపించాడు. "వీడు. వీనికి ఇందుల ఏం లేదు."

నన్ను పిలిపించింది అందుకు. ఊళ్లో వాటా లేనివాళ్లు చాలామంది ఉన్నారు, కానీ సగం అడగగలిగిన వాటా లేనివాణ్ణి నేనొక్కణ్ణే. నా సంతకం నా చేత్తోనే పెట్టిస్తే రేపు నోరెత్తడానికి ఉండదు. మనిషి మారలేదు, పద్ధతీ మారలేదు.

"మున్షీ సాబ్, గింత పెద్ద కాగితం రాసిండ్రు. నా పేరు ఎక్కడన్న ఉన్నదా?"

మున్షీకి నా కథ తెలియదు. కాగితం తిప్పి చూపించాడు. "ఎందుకుండదు? కిందికి ఉంటది. సాక్షుల కాడ."

బాపు వేలిముద్ర వేశాడు. బజారులో మనుషులు చూస్తున్నారు. కన్నతండ్రి ముందు, పెట్టను అని నోరు తెరవలేకపోయాను. వంకర తెలుగు అక్షరాలతో సంతకం పెట్టాను. ఇంకో సాక్షి ఎవరో కచేరీకి పనిమీద వచ్చిన రైతు. "ఇంటికి రా, తినిపో," అన్నాడు బాపు. పని ఉందని చెప్పి మొయినాబాద్ బండెక్కాను.

"పెట్టినవా సంతకం?" అంది నా భార్య.

"పెట్టిన."

"తిన్నవా?"

"తినలే."

"గంతన్న రోషమున్నది," అంది, కంచం పెడుతూ.

బాపు పోయాక చేను పేరు మార్పించుకోవడానికి అన్న వసియత్‌నామా పట్టుకుని కచేరీకి వెళ్లాడు. సాక్షి వచ్చి నోటితో చెప్పాలన్నారు. ఆ రెండో సాక్షీ, రాసిన మున్షీ కూడా అప్పటికే చనిపోయారు. ఇక మిగిలింది నేను. అన్న మొయినాబాద్ వచ్చి బావి గట్టు మీద కూర్చున్నాడు. నీళ్లు ఇస్తే చెంబు చేతిలో పట్టుకునే ఉన్నాడు.

"రావాలె తమ్మి. నువ్వు రాకుంటే అయ్యేటట్టు లేదు."

"వచ్చి ఏమనాలె?"

"నువ్వు చూసింది చెప్పు. ఏమంటవో నీ ఇష్టం." చెంబు గట్టు మీద పెట్టి, "బాపు నీకు చేసింది నాకు ఎరుకే," అన్నాడు. పైకి చూద్దామంటే ఆ బావి మీద దూలాలు లేవు. నీళ్లు తాగకుండానే వెళ్లిపోయాడు.

నా భార్య తలుపు వెనక నుంచి అంతా విన్నది. కిరాయి ఇల్లయ్యాక ఆమె మునుపటిలా పరాష్కాలు ఆడేది కాదు.

"ఒక్క మాట అను చాలు. ఆ పొద్దు మీ బాపుకు సోయి లేకుండె అను. కాలు వాచింది, జ్వరముండె, ఏం చేస్తుండో తెల్వకుండె అను. గంతే. కాగితం చెల్లదు. సగం చేను మనకొస్తది. అబద్ధమని ఎవలంటరు? చూసినోడు ఇంకొకడు లేడు."

"ఎవలనరు," అన్నాను.

"పిల్లల్ని చూసన్న అను."

బీజాపూర్ రోడ్డు మీద బండి వెళ్తున్నంతసేపూ ఆ మాట నోట్లో తిప్పి చూసుకున్నాను. సోయి లేకుండె. చిన్న మాట. అనడం నాకేం కష్టం కాదు, అంతకంటే పెద్దవి దుకాణంలో రోజూ అంటాను. సగం చేను వస్తుంది. కానీ దాంతో పాటు ఇంకొకటి కూడా జరుగుతుంది. పాపం ముసలాయనకు తెలియక చేశాడు, జ్వరంలో చేశాడు అని ఊరంతా అంటుంది. రేపు నా పిల్లలు కూడా అంటారు. అలా అంటూ అంటూ కొన్నాళ్లకు నేనూ అనడం మొదలుపెడతానేమో. మా బాపు నన్ను ముంచినప్పుడు ఆయన పూర్తి తెలివిలో ఉన్నాడు. ఆ ఒక్క నిజాన్నీ నేను సగం చేనుకు అమ్ముకుంటానా?

కచేరీలో అధికారి నడివయసు మనిషి, మంచిగా మాట్లాడాడు. కాగితం నా ముందు పెట్టి సంతకం నాదేనా అని ఉర్దూలో అడిగాడు. నాదే అన్నాను. అన్న గోడకు ఆనుకుని ఉన్నాడు.

"నువ్వు చనిపోయినాయన కొడుకువేనా?"

"చిన్న కొడుకును సాబ్."

ఆయన కాగితంలోకి, నా ముఖంలోకి మార్చి మార్చి చూశాడు. గొంతు కొంచెం తగ్గించి, ఈసారి తెలుగులో అడిగాడు. "ఇది రాసిననాడు మీ బాపు సోయిల ఉన్నడా? ఆలోచించి చెప్పు. తొందరేం లేదు."

ఆయన నాకు తలుపు తీసి పట్టుకున్నాడు. అది నాకు అర్థమైంది.

"ఉన్నడు సాబ్. పూర సోయిల ఉన్నడు. ఎవలకు ఏమిస్తుండో ఎరుకతోనే ఇచ్చిండు. ఎవలకు ఇస్తలేడో అది గూడ ఎరుకతోనే ఇయ్యలేదు."

గోడ దగ్గర అన్న ఊపిరి వదలడం వినబడింది. గుమాస్తా రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించాడు: తండ్రి పూర్తి స్పృహలో, తన ఇష్టప్రకారం, పెద్దకొడుకుకు చేను ఇచ్చినట్టు సాక్షి చెప్పాడు.

"సగమే రాసిండు సాబ్," అన్నాను.

"ఏం మిగిలింది?"

"ఎవలకు ఇయ్యలేదో, అది గూడ ఎరుకతోనే అన్న. అది రాయలేదు."

"కచేరీకి అది అవసరం లేదు."

"నాకవసరం సాబ్. సంతకం నాది గద."

గుమాస్తా కలం పట్టుకుని అధికారిని చూశాడు. ఆయన ఒక క్షణం అన్న వైపు చూసి, తల ఊపాడు. గుమాస్తా ఆ వాక్యం కూడా రాశాడు. మళ్లీ మొదటి నుంచి చదవమన్నాను. చదివాడు. బడిలో నేర్చుకున్న కాస్త ఉర్దూతో, నేనన్న మాట ఉందో లేదో నా కళ్లతో చూసుకున్నాను. ఉంది. అప్పుడు సంతకం పెట్టాను.